ఏఎంవీఐ (అసిస్టెంట్ మోటార్ వెహికిల్ ఇన్‌స్పెక్టర్) పరీక్ష పేపర్-2: "బండి పక్కకి లాగుతోంది" టాపిక్ నేను చదివిన తీరు

మిత్రులారా, క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు; పైభాగం బయటికి వాలితే పాజిటివ్), క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే అక్షం వాలు; పైభాగం వెనక్కి వాలితే పాజిటివ్), టో (పై నుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) నిర్వచనాలు మనందరికీ నోటికొచ్చు. అదే ప్రశ్నని తిప్పి "బండి ఎడమకి లాగుతోంది, కారణం?" అంటే నాలుగు ఆప్షన్లూ కరెక్టే అనిపిస్తాయి. అందుకే ఈ చాప్టర్‌ని కంప్లయింట్ వైపు నుంచి చదివాను.

ముందు తేల్చుకోవాల్సింది, ఎప్పుడు లాగుతోందన్నది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే అయితే టార్క్ స్టీర్, అంటే ఇంజిన్ బలం రెండు ముందు చక్రాల మీదా ఒకేలా పనిచేయక బండి పక్కకి తిరగడం. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో డ్రైవ్ షాఫ్టుల (చక్రాలని తిప్పే కడ్డీల) పొడవు తేడా గుర్తుచేసుకోండి. బ్రేక్ వేసినప్పుడే అయితే బ్రేకులు. నిలకడగా పోతున్నప్పుడూ లాగితే టైర్లు, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు), లేదా పట్టేసిన బ్రేకు.

టైర్లో గాలి తక్కువున్న వైపుకి, క్యాంబర్ ఎక్కువ పాజిటివ్ ఉన్న వైపుకి లాగుతుంది. క్యాస్టర్ దీనికి రివర్స్, పాజిటివ్ తక్కువున్న వైపుకి. తారుమారయ్యేది ఇక్కడే. ముందు టో తేడా వస్తే టైరు అరుగుతుంది కానీ బండి సాధారణంగా లాగదు.

బ్రేకుల సంగతి నాకు పుస్తకంలో కంటే షెడ్‌లోనే బాగా అర్థమైంది. ఎడమకి లాగుతున్న కారుని మేస్త్రీ కాస్త దూరం నడిపి తెచ్చి, ఒక్కో రిమ్ము దగ్గరా అరచేయి పెట్టి చూశాడు. ముందు ఎడమ చక్రం సెగ కొడుతోంది. జాకీ ఎత్తితే అదొక్కటే బిగుసుకుపోయింది, మిగతా మూడూ ఫ్రీ. కాబట్టి అన్ని బ్రేకులకీ ప్రెజర్ పంపే మాస్టర్ సిలిండర్ మీద అనుమానం లేదు. ఆ చక్రం బ్రేకుకి ఉండే బ్లీడర్ స్క్రూ (ఫ్లూయిడ్ బయటికి వదిలే స్క్రూ) వదులు చేయగానే ఫ్లూయిడ్ చిమ్మి చక్రం తిరిగింది. అంటే ప్యాడ్‌ని నొక్కే పిస్టన్ జామ్ కాలేదు. లోపల ఉబ్బిన బ్రేక్ హోస్ (ఫ్లూయిడ్ వచ్చే గొట్టం) ప్రెజర్‌ని వెనక్కి వదలట్లేదు.

ఎడమ ప్యాడ్‌కి ఆయిల్ అంటితే మాత్రం ఆ బ్రేకు సరిగా పట్టదు, బ్రేక్ వేసినప్పుడు బండి కుడికి పోతుంది. సింగిల్ రోడ్డు మీద అది ఎదురొచ్చే బండి మీదకే. రేపు ఫిట్‌నెస్ చూడాల్సింది మనమే కాబట్టి ఈ బిట్‌ని మార్కుల కోసమే చదవకండి.

టైరు మీద అనుమానముంటే ముందు రెండూ అటూ ఇటూ మార్చి చూస్తారు. లాగే దిశ మారితే టైరుదే దోషం. ఒకే దిశలో తిరగాలని బాణం గుర్తున్న టైర్లని మాత్రం ఊరికే అలా మార్చకూడదు.

ఇంకొకటి. నీళ్లు నిలవకుండా రోడ్డు మధ్యలో ఎత్తుగా వేస్తారు, మనం నడిపేది ఎడమ పక్కన. ఏ లోపం లేని బండీ కొద్దిగా ఎడమకి జారుతుంది. ఆప్షన్లలో రోడ్డు వాలు కనబడితే వెంటనే కొట్టేయకండి. ప్రశ్నలో సమతల రోడ్డు అన్నాడో లేదో చూసుకోండి.