మామయ్య పెట్టె: పత్రికల పని సగమైంది, ఇక క్యాసెట్లు

హనుమకొండలో మా మేనమామ దాచిన ఇనుప పెట్టెలో 1950లు, 60ల నాటి వారపత్రికలు, గ్రంథాలయ వార్షికోత్సవాల కరపత్రాలు, ఒగ్గుకథల క్యాసెట్లు ఉన్నాయి. అన్నిటికన్నా ముందు పత్రికలు పట్టుకున్నాను, వాటికే గడువు తక్కువ. కలపను నూరి చేసిన చవక కాగితంలో లిగ్నిన్ అనే కలప పదార్థం మిగిలిపోతుంది. గాలీ వెలుతురూ తగిలి అది పసుపెక్కుతుంది, ఆమ్లం పుట్టి కాగితం పెళుసవుతుంది. మన ఓరుగల్లు ఎండలు ఆ పనిని ఇంకా తొందరపెడతాయి. పోయిన పటుత్వాన్ని ఇంట్లో తిరిగి తేలేం, పోయే వేగాన్ని మాత్రం తగ్గించగలం.

అందుకే మళ్లీ ఊడదీయలేనిది ఏదీ కాగితానికి అంటించడం లేదు. ల్యామినేషన్ చేయించమని చాలామంది చెప్పారు. వేడికి కరిగి అతుక్కున్న ప్లాస్టిక్కును ఆ తర్వాత ఎవరూ క్షేమంగా తీయలేరు, లోపలి ఆమ్లం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. సెల్లోటేపూ అంతే. కొన్నేళ్లకు టేపు రాలిపోయినా గోధుమరంగు మరక అక్షరాల మీదే ఉండిపోతుంది.

పురుగు ఆనవాళ్లున్న కట్టలను పాలిథిన్ సంచుల్లో గాలి చొరకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాను. బయటికి తీశాక మరో రోజు దాకా సంచి విప్పకూడదు. విప్పితే చల్లటి కాగితం మీద తేమ పడుతుంది. వేపాకు, నాఫ్తలీన్ ఉండలు పెట్టడం లేదు. పచ్చి ఆకు తేమను తెస్తుంది, ఉండల ఆవిరి మనుషులకే మంచిది కాదు.

చిరుగులకు జిగురు ఇంట్లోనే చేస్తున్నాను. మైదాపిండి ముద్ద కలిపి, నీళ్లలో పిసుకుతూ కడిగితే జిగట ముద్ద చేతిలో మిగులుతుంది, తెల్లటి పిండి నీళ్ల అడుగున పేరుకుంటుంది. ఆ పిండినే సన్నటి సెగ మీద చిక్కగా ఉడికించి, వడకట్టి వాడాలి. బైండింగు దుకాణాల్లో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు కానీ, అందులోని రాగి కాగితం పాడయ్యే వేగాన్ని పెంచుతుంది. అందుకే ఏమీ కలపకుండా, అప్పటికప్పుడు కొద్దికొద్దిగా చేసుకుంటున్నాను. అతుకుకు జపాను వాళ్ల కోజో కాగితం, అంటే చెట్టు బెరడు పీచుతో చేసే పలచటి కాగితం తెప్పించాను. దాన్ని కత్తిరించకుండా, తడి కుంచెతో నీటిగీత గీసి, ఆ గీత వెంట చేత్తో చింపితే అంచున పీచు లేస్తుంది, అతుకు పత్రికలో కలిసిపోతుంది. జిగురు పలచనైతే ఈ కాగితం మీద తేమ పాకి మరక కడుతుంది. ఒక్కో అతుకును అద్దుడు కాగితాల మధ్య పెట్టి, బరువు మోపి, పూర్తిగా ఆరనిస్తున్నాను. చాలా నెమ్మది పని, అయినా ఇష్టంగా ఉంది.

పెట్టెను బయటి గోడకు దూరంగా జరిపి, ఇటుకల మీద పెట్టాను. పక్కనే తేమ కొలిచే చిన్న మీటరు ఉంది. తేమ 65 శాతం దాటితే బూజు భయం, అందుకని ముసురు రోజుల్లో పెట్టె తెరవడం లేదు, ఫ్యాను ఆపడం లేదు.

1904లోనే రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం వెలిసిన ఊరు మాది. మా ఓరుగల్లు ప్రాంతంలోని ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు’ పత్రికను తెచ్చింది 1922లో. అలాంటి నేల మీద అచ్చయిన ఒక సభ కరపత్రం కూడా నాకు విలువైనదే. అందులోని వక్తల పేర్లు మరో చోట ఉండకపోవచ్చు.

క్యాసెట్లకు ఇప్పుడే చేయి పెట్టాను. పైఅంచున ఉండే చిన్న పలకలను విరిచేశాను, ఇక పొరపాటున కూడా వాటి మీద రికార్డు కాదు. బూజు కనిపించిన వాటిని విడిగా ఉంచాను. ఒకటి డెక్కులో పెట్టినా ఆ బూజు మిగతా వాటికీ అంటుకుంటుంది. మిగిలిన ప్రతి టేపునూ ఒకసారి చివరిదాకా తిప్పి, డెక్కు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే ఎక్కిస్తాను. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌ నాణ్యతతో, ధ్వనిని కుదించని వేవ్ ఫైలుగా తీస్తే గంట క్యాసెట్టుకు సుమారు 1 జీబీ పడుతుంది. ఎంపీ3 అయితే చోటు కలిసొస్తుంది కానీ ధ్వనిలో కొంత పోతుంది, దాన్ని వినడానికి పంచుకునే ప్రతిగానే చేస్తాను. అసలు ఫైలు రెండు డిస్కుల్లో, మరొకటి కరీంనగర్‌లో ఉన్న మా అక్క ఇంట్లో ఉంటుంది. మొదట మల్లన్న కథ క్యాసెట్లు ఎక్కిస్తాను. వాటిలో డోలు దెబ్బ ఇంకా స్పష్టంగానే వినిపిస్తోంది.