కారాలి కానీ కారిపోకూడదు

పోయిన వారం కిల్న్ (మట్టి పాత్రలు కాల్చే కరెంటు కొలిమి) మూత తీసేసరికి నా కూజా షెల్ఫ్‌కి అతుక్కుపోయి కూర్చుంది. దాని కింద గ్లేజ్, అంటే పాత్ర మీద వేసే గాజు పూత, చిన్న మడుగు కట్టి గాజులా మెరుస్తోంది, చూడ్డానికి భలే ఉంది గానీ కూజా మాత్రం కదలదే! ఉలి పెట్టి సుత్తితో నెమ్మదిగా తడుతుంటే టప్పుమని అడుగు షెల్ఫ్ మీదే ఉండిపోయి పైభాగం నా చేతికొచ్చింది. ఏడుపెందుకొచ్చిందంటే, ఏడాదిగా నేను వెతుకుతున్న రంగు సరిగ్గా దాని మీదే దిగింది. మెడ దగ్గర తేనె రంగు, భుజం దగ్గరకొచ్చేసరికి పాలనురగ లాంటి తెలుపు, అక్కణ్ణుంచి సన్నటి వెంట్రుకల్లా చీలుతూ నీలంలోకి జారిపోయింది, ఏది ఎక్కడ మొదలైందో వేలుపెట్టి చూపించలేం.

మొదట్లో ఈ ఎఫెక్ట్ కోసం బ్రష్‌తో కుస్తీ పట్టేదాన్ని. రెండు గ్లేజ్‌లు కలిసే చోట తడి స్పాంజ్‌తో రుద్ది, వాటర్ కలర్‌లో షేడ్ ఇచ్చినట్టు ఇచ్చి, ఆహా ఎంత బాగా కలిపానో అని మురిసిపోయేదాన్ని, తీరా కాలిన తర్వాత చూస్తే మసిగుడ్డతో తుడిచినట్టు ఒక మరక. బకెట్‌లో ఉన్నది పెయింట్ కాదని, నీళ్ళలో కలిపిన రాతిపొడి అని నాకు బుర్రకెక్కడానికి చాలా కాలమే పట్టింది. దాన్ని కరిగించేదీ కలిపేదీ కిల్నే. ఏది ఎక్కడ, ఎంత మందంగా పెట్టాలన్నది ఒక్కటే మన చేతిలో ఉంది.

గ్లేజ్‌లో సిలికా గాజు అవుతుంది, ఫ్లక్స్‌లు దాన్ని తక్కువ వేడికే కరిగేలా చేస్తాయి, అల్యూమినా ఆ కరిగినదాన్ని చిక్కగా పట్టుకుని కిందకి పోనివ్వదు. అల్యూమినా ఎక్కువున్న గ్లేజ్ వేసిన చోటే మొండిగా కూర్చుంటుంది. బోరాన్, సోడియం, లిథియం లాంటివి దండిగా ఉన్నది జారుతుంది. రెండూ మొండివే తీసుకుంటే మధ్యలో చీర అంచులా గీత కనిపిస్తుంది, రెండూ జారేవే అయితే షెల్ఫ్ గతి ఇంతకుముందు చెప్పానుగా. అందుకే నేను కింద మొండిది వేసి, దాని మీద పైన మూడో వంతు వరకే జారేది వేస్తా. ఇంకో సంగతి, విడివిడిగా బుద్ధిమంతుల్లా ఉన్న రెండు గ్లేజ్‌లు ఒకదాని మీద ఒకటి పడగానే రెండిట్లో దేనికన్నా కూడా ఎక్కువ కారొచ్చు. ఐసులో ఉప్పు వేస్తే ఇంకా చల్లగా ఉన్నప్పుడే కరిగిపోతుంది చూడండి, అలాంటి వ్యవహారమే. కాబట్టి దేనికది టెస్ట్ చేశాను కదా అని ధీమాగా ఉంటే కుదరదు, జంటని కలిపి టెస్ట్ చేయాలి, అదీ టైల్‌ని నిలబెట్టి. పడుకోబెట్టిన టైల్ మీద ఏ గ్లేజూ కారదు, నేను మొదటి ఆరు నెలలూ చేసిన తెలివితక్కువ పని అదే.

ఆ వెంట్రుకల్లాంటి చారలు రూటైల్ వల్ల. అంటే కాస్త ఇనుము కలిసిన టైటానియం డయాక్సైడ్. కరిగిన గాజు రూటైల్ వల్ల లోపల్లోపలే రెండు రకాలుగా విడిపోతుంది, నూనె నీళ్ళలో చిన్న చిన్న బొట్లుగా విడిపోయినట్టు, ఆ బొట్ల మీద వెలుతురు చెదిరి కోబాల్ట్ చిటికెడు కూడా లేకుండానే నీలం కనిపిస్తుంది. నాలుగైదు శాతం వేస్తే చాలు. కానీ దీనికి నెమ్మదిగా చల్లారడం కావాలి, గబగబా చల్లారితే నీలం రాదు, ఒట్టి గోధుమ రంగే మిగులుతుంది. నేను కిల్న్‌ని పూర్తి వేడికి ఎక్కించాక ఒక 100 డిగ్రీలు దింపి అరగంట ఆపుతా, తర్వాత 800 దాకా గంటకి 80 చొప్పున దింపుతా, కరెంటు బిల్లు గురించి ఆ పూట ఆలోచించను.

మందం గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. ఒకే బకెట్, ఒకే కిల్న్, ఒక కప్పు అద్భుతం, పక్కదే దరిద్రం, ఎందుకంటే నీళ్ళు ఆవిరైపోయి గ్లేజ్ చిక్కబడింది, నేను చూసుకోలేదు. ఇప్పుడు ప్రతిసారీ 100 మిల్లీలీటర్లు కొలిచి తూకం వేస్తా, 145 గ్రాములకి అటూ ఇటూ ఉంటేనే ముంచుతా. కింద గ్లేజ్‌లో మూడు లెక్కపెట్టేంతసేపు ముంచి తీసి, తడి మెరుపు పోయేదాకా ఆగి, తలకిందులుగా పట్టుకుని అంచు వైపు మాత్రం రెండో దాంట్లో రెండు లెక్కలు. ఆ రెండో ముంపులో చెయ్యి నిలకడగా పెట్టకుండా కొంచెం పైకీ కిందకీ ఆడించాలి, అప్పుడే అంచు దగ్గర మందంగా, కిందకి పల్చగా దిగుతుంది, గీత పడదు. ఆరాక పిన్నుతో చిన్న గాటు గీరి చూస్తే ఒక పొర దగ్గర ఏటీఎం కార్డు మందం కనిపిస్తే చాలు, రెండూ కలిసిన చోట దానికి రెట్టింపు దాటితే భయపడాల్సిందే. ఆ గాటుని వేలితో రుద్దేస్తే పూడిపోతుంది. ఈ ఎండిన పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, గీరేటప్పుడు మాస్క్ పెట్టుకోండి.

కూజా ఆకారం కూడా సగం పని చేస్తుంది. నిటారుగా ఉన్న గోడ మీద గ్లేజ్ పరిగెడుతుంది, భుజం మీద కాస్త ఆగి మడుగు కడుతుంది, సారె మీద ఉన్నప్పుడే ఒక గాడి గీసుకుంటే అందులో నిండి రంగు ముదురుతుంది, గట్టు మీద పల్చబడి మట్టి తొంగిచూస్తుంది. నున్నటి సిలిండర్ మీద ఎంత మంచి జంట వేసినా కొంచెం బోసిగానే ఉంటుందని నా అభిప్రాయం.

మరి నా కూజా ఎందుకు మునిగింది? కోన్ 6 కి కాల్చా (కోన్ అంటే తగినంత వేడి తగిలాక తల వంచే చిన్న మట్టి శంకువు, 6 కన్నా 7 వంగడానికి ఎక్కువ వేడి కావాలి), అంటే చివర్లో గంటకి 60 డిగ్రీలు పెంచుతూ పోతే సుమారు 1222 డిగ్రీలు. మీటర్ సరిగ్గానే చూపించింది. కానీ రంగు ఇంకా బాగా కలుస్తుందన్న ఆశతో ఆ పై వేడి దగ్గరే 20 నిమిషాలు ఆపా, పక్కన పెట్టిన కోన్ 7 కూడా తల వంచేసింది. మీటర్ డిగ్రీలు చెప్తుంది అంతే, ఎంతసేపు ఉడికిందన్నది కోనే చెప్తుంది. పైగా అడుగు నుంచి అర సెంటీమీటరే తుడిచా, కూజా కింద బిస్క్ చేసిన (గ్లేజ్ లేకుండా ఒకసారి కాల్చిన) మట్టి బిళ్ళ పెట్టలేదు, షెల్ఫ్‌కి అల్యూమినా, చైనా క్లే కలిపిన పూత అరిగిపోయి రెండు వారాలైంది. ఇంకేం, అన్నీ కలిసొచ్చాయి.

చైనాలో సోంగ్ రాజుల కాలం నాటి జియన్ గిన్నెల ఫోటోలు చూడండి, నల్లటి ఇనుము గ్లేజ్ మీద కుందేలు బొచ్చులా చారలు. నేను మాత్రం వాటి అడుగు దగ్గరే ఎక్కువసేపు చూస్తా. గ్లేజ్ కిందిదాకా కారి, పాదానికి కాస్త పైన లావుగా ఒత్తులా చుట్టుకుని ఆగిపోయి ఉంటుంది, కొన్నిటికి ఒక బొట్టు వేలాడుతూ కూడా. మీటర్లు లేకుండా అక్కడ ఎలా ఆపారో మహానుభావులు!

అన్నట్టు ఇవన్నీ నేను బయటివైపే వేస్తా. రెండు గ్లేజ్‌లు కలిసిన చోట తయారయ్యేది ఒక మూడో గ్లేజ్, దాన్నుంచి తిండిలోకి ఏం దిగుతుందో ఎవరూ కొలవలేదు, రాగి ఉంటే మరీ. లోపల మాత్రం రంగు లేని, కారని ఒకే గ్లేజ్.

ఇప్పుడు కిల్న్‌లో మూడు కప్పులున్నాయి. అదే జంట, పైన ఆపింది 5 నిమిషాలే, అడుగున ఒకటిన్నర సెంటీమీటర్లు ఖాళీ, ఒక్కోదాని కింద బిళ్ళ. మీటర్ 240 చూపిస్తోంది. 100 కి దిగేదాకా మూత ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నా గానీ, ఇది రాస్తూ రాస్తూనే రెండుసార్లు లేచి వెళ్ళి చూసొచ్చా.