విండో సీటుకు డబ్బు కడితే గోడ చూపించారు: నా అనుభవం

బెంగళూరు నుంచి ఢిల్లీకి పొద్దున విమానం. మా అనంతపురం వాళ్లకు దేవనహళ్లి విమానాశ్రయం హైవే పక్కనే, ఊళ్లోకి పోయే పని లేదు. టికెట్టు, వెబ్ చెకిన్, సెక్యూరిటీ ఇబ్బంది లేకుండా అయిపోయాయి.

సీటు మాత్రం లెక్క చూసే పెట్టుకున్నాను. పొద్దున ఉత్తరానికి పోయే విమానంలో ఎండ కుడివైపు కొడుతుంది. అటు కూర్చుంటే కళ్లు చెదురుతాయి, కిందంతా తెల్లటి మసక. ఎడమవైపైతే ఎండ మన వెనక నుంచి పడి చెరువులు, గుట్టలు తేటగా కనిపిస్తాయి. రెక్క మీద సీటైతే నేల కనబడదు. రెక్క వెనకైతే ఇంజన్ వేడిగాలికి దృశ్యం అలలాడుతుంది. అందుకే ఎడమవైపు, రెక్కకు ముందు, 10ఏ. దానికి వేరే డబ్బు కట్టాను.

పోయి కూర్చుంటే పక్కన కిటికీ లేదు! తెల్లటి ప్లాస్టిక్ గోడ. మెడ సాచితే ముందు సీటు కిటికీ అంచు నాలుగు వేళ్ల మేర కనబడింది, అంతే. సిబ్బందిలో ఒకమ్మాయిని పిలిచి అడిగితే "ఏ అంటే విండో సీటే సార్" అనింది. "మరి కిటికీ ఏదమ్మా?" అన్నాను. "ఫ్లైట్ ఫుల్ సార్, కూర్చోండి." వెనక లైనులో నిలబడిన వాళ్లంతా నన్నే చూస్తున్నారు. డబ్బు కట్టిన నేను తల దించుకుని కూర్చోవాల్సి వచ్చింది. కిటికీ లేని సీటును విండో అని అమ్మడం మోసమే, ఇంకో మాట లేదు.

అది బోయింగ్ 737. కింద ఉండే ఏసీ యంత్రాల నుంచి పైకప్పుకు గాలి గొట్టాలు రెక్కకు కాస్త ముందు గోడలోంచి పోతాయి. అక్కడ కిటికీ పెట్టరు. 737లో ఎడమవైపు 9 నుంచి 12 వరుసల మధ్య సీటు తీసుకునే ముందు ఆ విమానం లోపలి ఫోటోలు వెతికి చూడండి. మామూలు చోట్ల కూడా కిటికీల మధ్య దూరం 20 అంగుళాలైతే, సీట్ల మధ్య 28 నుంచి 30 దాకా ఉంటుంది. రెండూ కలవవు, కొన్ని సీట్లకు కిటికీ భుజం వెనక పడుతుంది. సీట్ మ్యాప్‌లో ఇదేదీ చూపించరు.

కడప, ఓర్వకల్లులకు వచ్చే ఏటీఆర్ 72 నాకు నచ్చిన విమానం. రెక్క నెత్తి మీద ఉంటుంది, 25 వేల అడుగులు దాటదు, నేల దగ్గరగా కనబడుతుంది. ప్రొపెల్లర్ పక్క వరుసలు వదిలేసి వెనక కూర్చోండి. ఎక్కేది దిగేది కూడా వెనక తలుపు నుంచే. కడప నుంచి హైదరాబాదుకైతే నల్లమల కుడివైపు, మధ్యాహ్నం తర్వాత విమానమైతే ఇంకా మేలు. చెన్నైకైతే పొద్దున కుడివైపే, శేషాచలం కొండలు అటే.

ఫోటోకు ఫోను అద్దానికి ఆనించొద్దు, అదురుతుంది. కెమెరా లెన్స్ ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ వాడితే కిటికీలో రంగుల చారలు వస్తాయి. నల్లగుడ్డ అడ్డం పెడితే లోపలి వెలుతురు పడదు.

గోడ వస్తే మాత్రం సీటు నంబరు కనబడేలా ఫోటో తీసి, డబ్బు కట్టిన రసీదుతో కలిపి దిగిన రోజే మెయిల్ పెట్టండి. నేను పెట్టాను. జవాబు ఇంకా రాలేదు, వదిలేది లేదు.