పిల్లల పాటలు, పిల్లల ప్రశ్నలు

మా చిన్నప్పుడు భక్తి పాట కానిది ఏది విన్నా, మా క్రైస్తవ కుటుంబంలో పెద్దవాళ్లు "అది లోకసంబంధమైనది, వద్దు" అంటే ఊరుకునేవాళ్లం. చుట్టాలు, సంఘం అందరిదీ అదే మాట. పరాయి దేశంలో మా పిల్లలకు ఆ మాట చెప్పేది మేమిద్దరమే. కారణం చెప్పకుండా వద్దంటే వాళ్లు ఆ పాటలు వినడం మానరు, మాకు చెప్పడం మానేస్తారు.

అందుకే బైబిల్లో అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం నాకు చాలా ఇష్టం. ఏథెన్సు నిండా విగ్రహాలు చూసి అపొస్తలుడైన పౌలు మనసు తట్టుకోలేకపోయింది. అయినా ఆ ఊరి సభాస్థలమైన అరేయొపగులో నిలబడి "తెలియబడని దేవునికి" అని రాసి ఉన్న బలిపీఠంతోనే మాట మొదలుపెట్టాడు. మనం దేవుని సంతానమని మీ కవులే అన్నారు కదా అని గుర్తుచేశాడు. ఆ మాట అరాటస్ అనే గ్రీకు కవిది, అతని కావ్యంలో అది గ్రీకుల దేవుడు జ్యూస్ (Zeus) గురించి చెప్పింది. పౌలు వాళ్ల కవిత్వం ఎరిగినవాడు కాబట్టే అందులో నిజమెంతో చెప్పగలిగాడు. ఆ తర్వాత మారుమనస్సు పొందండని చెప్పడమూ మానలేదు.

మేమూ పిల్లలతో కూర్చుని పాట మొత్తం వింటాం, సాహిత్యం చదువుతాం. మనిషి శరీరాన్ని సరుకులా చూపించే పాటలైతే వద్దనే అంటాం, ఏ లైను దగ్గర అభ్యంతరమో కూడా చూపిస్తాం.

యుద్ధం వార్తలు వస్తే లోకాంతం వచ్చేసిందనే అంత్యదినాల వీడియోలు చూసి పిల్లలకు ఒకటే టెన్షన్. అప్పుడు మత్తయి 24:6 చదువుతాం. కలవరపడవద్దని, అంతం వెంటనే రాదని యేసే అక్కడ చెప్పాడు. కుటుంబ ప్రార్థనలో ఆ దేశాల పేర్లు ఎత్తి ప్రార్థిస్తాం. పిల్లలు వాళ్లకు వచ్చిన భాషలో చేస్తారు.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది మానిఫెస్టింగ్, అంటే కోరుకున్నది వచ్చేసిందని గట్టిగా నమ్మితే అది నిజమవుతుందనే పద్ధతి. పరీక్షల ముందు మా అమ్మాయి తనకు కావలసిన గ్రేడ్ వచ్చేసిందని నోట్‌బుక్‌లో వరసగా రాసుకుంటోంది. "విశ్వాన్ని అడిగితే ఇస్తుందట. ఇదీ ప్రార్థన లాంటిదేగా అమ్మా?" అంది. మంచి ప్రశ్న. "నమ్మి పలుకు, నీదైపోతుంది" అనే బోధ మన ప్రార్థన మీటింగుల్లోనూ వినిపిస్తుంది. దానికీ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించదని తనతోనే అన్నాను.

తర్వాత ఇద్దరం మత్తయి 26 తీసి సిలువకు ముందు యేసు గెత్సేమనేలో చేసిన ప్రార్థన చదివాం. ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగించమని యేసు దాచుకోకుండా అడిగాడు. ఆ వెంటనే "నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము" అన్నాడు. "విశ్వాన్ని అడిగింది రాకపోతే నీ నమ్మకమే చాలలేదంటారు, తప్పంతా నీ మీదే పడుతుంది. పరలోకపు తండ్రి కాదన్నా నిన్ను వదిలిపెట్టడు" అని చెప్పాను.

తను వెంటనే ఒప్పుకోలేదు. "కాదనే అవకాశం ఉన్నప్పుడు అడగడం ఎందుకు?" అంది. దాని మీద వాళ్ల నాన్నా తనూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.