కలంకారీ క్విల్టుకు దారం వెతికిన వైనం: నా అనుభవం

మా ఇళ్లల్లో బొంత కొత్త కాదు. మా అత్తగారు పాత నేత చీరలు పొరలుగా పరిచి చేత్తో కుట్టినవి ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. వాటికి ఏ దారం వాడాలని ఎవరూ అడగలేదు. ఇంట్లో ఏ రీలుంటే అది సూదికి ఎక్కించి కుట్టారు. నాకు మాత్రం దారం దగ్గరే పని ఆగిపోయింది.

బెంగళూరులో ఉండే మా ఆడపడుచు కూతురు శ్రీకాళహస్తిలో జీవవృక్షం బొమ్మ ఉన్న కలంకారీ గుడ్డ కొని, "అత్తా, దీన్ని గోడకు తగిలించే క్విల్టుగా మెషిన్ మీద కుట్టివ్వవా" అంది. క్విల్టంటే మన బొంత లాంటిదే, పై గుడ్డకూ అడుగు గుడ్డకూ మధ్య దూది పొర పెట్టి కుడతారు. కాళహస్తి పని తెలిసినవాళ్లకు ఇందులో చిక్కు ఏమిటో చెప్పక్కర్లేదు. అది అచ్చు వేసింది కాదు, వెదురు కలంతో చేత్తో గీసింది. కరక్కాయ, పాలు పట్టించిన గాడా అనే ముతక నూలు గుడ్డ మీద, బెల్లమూ ఇనుమూ ఊరబెట్టి తీసిన నలుపుతో గీస్తారు. గీత ఒకచోట లావుగా, ఒకచోట వెంట్రుకంత సన్నగా ఉంటుంది. అలాంటి గీత పక్కన నా మెషిన్ కుట్టు పోటీకి దిగకూడదు. కొమ్మలూ పక్షులూ ఉబ్బెత్తుగా కనిపించాలి, వాటి మధ్య ఖాళీలు రెండు మూడు మిల్లీమీటర్ల ఎడంలో మెలికలు మెలికలుగా కుట్టి అణిచేయాలి. అణిచే కుట్టులో దారమే కంటికి కొడితే ఇంక బొమ్మ ఎవరు చూస్తారు?

మొదట మా తిరుపతిలో గాంధీ రోడ్డుకు వెళ్లాను. టైలరింగ్ సామాన్ల షాపుల్లో గోడంతా కోన్లే. "ఏ కలర్ కావాలక్కా?" అన్నాడు కుర్రాడు. "కలర్ తర్వాత నాయనా, ముందు నంబర్ చెప్పు" అంటే వింతగా చూశాడు. వాడిని అనడానికేం లేదు. జాకెట్లు కుట్టేవాళ్లకు రంగు కలిస్తే చాలు, దారం ఎప్పుడూ ఒకటే: స్పన్ పాలియెస్టర్, టికెట్ 120. పక్క అరలో మెరిసే ఎంబ్రాయిడరీ దారం మీద కూడా 120 అనే ఉంది. కానీ ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు.

వెయ్యి మీటర్ల దారం ఎన్ని గ్రాములుంటే అది టెక్స్. 3000ను ఆ టెక్స్‌తో భాగిస్తే టికెట్ నంబర్ వస్తుంది. అంటే టికెట్ 120 దారం కిలోమీటరుకు 25 గ్రాములు తూగుతుంది. ఎంబ్రాయిడరీ దారం మీది 120 డెనియర్ లెక్క: తొమ్మిది వేల మీటర్ల బరువు, అదీ ఒక్క పోగుది. రెండు పోగులు పేనితే 240. చివరికి రెండూ దాదాపు ఒకే లావు తేలడం కాకతాళీయం. క్విల్టింగ్ చేసేవాళ్లు చెప్పే 'వెయిట్' మూడో లెక్క, కిలో దారం ఎన్ని కిలోమీటర్లు వస్తే అంత. ఆ లెక్కన ఈ రెండు 120లూ 40 దగ్గర ఆగుతాయి. మామూలు క్విల్టుకు 40 బాగానే ఉంటుంది. నా పనికి లావు.

ఈ గందరగోళం విడదీసింది మా వీధిలో ఉండే పెద్దాయన. వెంకటగిరిలో మగ్గం నేసి మానేసి, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నాడు. "నంబరు పెరిగే కొద్దీ నూలు సన్నబడతాదమ్మా. 840 గజాలు ఒక చిలప. పౌను బరువుకు ఎన్ని చిలపలు తూగితే అంత నంబరు. మేం నూరో నంబరు నేసినాము" అన్నాడు. ఫోన్లో 50/3 అని ఉన్న దారం బొమ్మ చూపించాను. "ఇది యాభయ్యో నంబరు పోగులు మూడు పేనింది. రెండు పేనింది దీనికన్నా సన్నం. ముందుండే నంబరు చూసి కొనేస్తే ఎట్లా, గీత తర్వాతది కూడా చూడాల గదా!" అన్నాడు. నేను చూసిన వీడియోల్లో ఇంత సూటిగా చెప్పినవాళ్లు లేరు.

కాటన్ దారం కోసం ఇంకో షాపులో అడిగితే 'ప్యూర్ కాటన్' అని ఒక కోన్ అంటగట్టారు. ఇంటికొచ్చి చిన్న ముక్క కాల్చి చూశాను. కాటనైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. ఇది ముడుచుకుపోయి గట్టి నల్లపూసలా మిగిలింది. పాలియెస్టరంటే నాకు కోపమేమీ లేదు, దాన్ని కాటన్ పేరుతో అమ్మడమే ఒళ్లు మండించింది. ఇంకోచోట చేతి క్విల్టింగ్ దారం చూపించారు. పైన మెరుగు పూత ఉంటుంది, చేతికి హాయిగా ఉంటుంది కానీ మెషిన్‌కు పనికిరాదు. ఆ పూత మెషిన్‌లో దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్లల మధ్య రాసుకుని అక్కడే పేరుకుంటుంది.

చివరికి ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఇటలీ నుంచి వచ్చే ఆరిఫిల్ 50/2 కాటన్, నారింజ రంగు రీలు. వండర్‌ఫిల్ వాళ్ల ఇన్విజాఫిల్, నూరు వెయిట్ పాలియెస్టర్. సూపీరియర్ వాళ్ల బాటమ్ లైన్, 60 వెయిట్ పాలియెస్టర్. ధర చూస్తే ప్రాణం ఉసూరుమంది. కోయంబత్తూరులో 1974లో తయారుచేసిన సువిన్ పత్తి ఉంది, మన దేశపు పత్తుల్లో పొడవైన పింజ, అంటే దూది పోగు, దానిదే. పింజ పొడవుగా ఉంటే దారం నున్నగా వస్తుంది, నూగు తక్కువ రాలుతుంది. అలాంటి పత్తి పండే దేశంలో ఉండి క్విల్టింగ్ దారం ఇటలీ నుంచి తెప్పించుకోవడం నాకు మింగుడు పడలేదు.

అసలు గుడ్డ ముట్టుకోకుండా, గాడా ముక్క, కాటన్ బ్యాటింగ్ (మధ్యలో పెట్టే దూది పొర), అడుగు గుడ్డ పరిచి ఒక నమూనా తయారుచేశాను. గుడ్డను లాగే మెషిన్ పళ్లు దించి, గుడ్డను చేత్తో ఎటైనా తిప్పనిచ్చే ఫ్రీ మోషన్ పాదం పెట్టి, ప్రతి దారంతోనూ అదే మెలిక కుట్టాను. ఏ దారం, ఏ సూది, టెన్షన్ ఎంత అన్నది పక్కనే పెన్నుతో రాశాను. దారాల మధ్య తేడా గీతలో కన్నా, వెనక్కి తిరిగి వచ్చే చోట తెలిసింది. సన్న కుట్టులో ఒక మూలలో ఇరుక్కుంటే కుట్టిన దారి మీదే వెనక్కి రావాలి. టికెట్ 120తో అలా వస్తే అక్కడ గట్టు కట్టింది. 50/2తో వేలితో తడిమితేనే తెలిసింది. నూరుతో అయితే రెండుసార్లు నడిచినా ఒకటే గీత.

అయితే సన్న దారం ఊరికే మాట వినదు. 14వ నంబర్ సూది పెడితే గుడ్డలో చిల్లు పెద్దదైంది, దారం దాన్ని నింపలేక బ్యాటింగ్ నూగు బయటికి తొంగిచూసింది. 50/2కు 11, నూరుకు 9 పెట్టాక కుదిరింది. పెట్టె మీద 75/11 అని ఉంటుంది, 75 అంటే సూది మందం 0.75 మిల్లీమీటర్లు. 14, 16 ఏ షాపులోనైనా దొరుకుతాయి, 11 అడిగితే లోపల్నుంచి తీస్తారు, 9 కోసమే తిరగాల్సి వచ్చింది. పై టెన్షన్ బాగా తగ్గించాను, లేకపోతే నూరు దారం పుటుక్కున తెగుతోంది. ఇంకో తలనొప్పి ఫ్యాన్. మే నెల తిరుపతిలో ఫ్యాన్ లేకుండా మెషిన్ ముందు కూర్చోవడం మాటలా? టేబుల్ ఫ్యాన్ గాలికి ఆ దారం ఎగిరి స్టాండుకు చుట్టుకునేది. ఫ్యాన్ కాళ్ల వైపు తిప్పుకుని, పొద్దున్నే కుట్టాను.

రంగు దగ్గర ఒక్క మాట. రీలు మీద చుట్టి ఉన్నప్పుడు దారం ముదురుగా కనిపిస్తుంది, ఒంటి పోగుగా విప్పితే తేలిపోతుంది. అందుకే ఒక పోగు లాగి గుడ్డ మీద పరిచి, పగటి వెలుతురులో నిలబడి చూశాను. తెలుపు అనుకుని పెట్టుకున్నది కలంకారీ నేల మీద సున్నం గీతలా కొట్టొచ్చింది. ఎండుగడ్డి రంగు మాయమైపోయింది. నల్ల గీత వెంబడి నల్లదారం వద్దనుకున్నాను. కొంచెం పక్కకు జరిగినా కలంకారీ గీత లావైనట్టు కనిపిస్తుంది. అక్కడా గడ్డిరంగే వాడి, గీతకు బయట పక్కన కుట్టాను.

మొత్తానికి బొమ్మ అంచులకు 50/2 కాటన్, మెలికల ఖాళీలకు నూరు పాలియెస్టర్, రెండింటికీ కింది దారం ఉండే బాబిన్‌లో 60 పాలియెస్టర్. అంచులకు కాస్త ఒళ్లున్న దారం కావాలి, అక్కడ కుట్టు కొంచెం నీడ పట్టాలి. కాటన్‌కు నూగు తప్పదు, బాబిన్ మార్చినప్పుడల్లా బ్రష్‌తో దులిపాను. ఇస్త్రీ వెనకవైపు నుంచి, మీడియం వేడిలో. పాలియెస్టర్ కాటన్‌లా వేడికి ఆగదు.

క్విల్టు బెంగళూరు చేరింది. ఇప్పుడు ఆ పిల్ల మంచం మీదికి ఇంకోటి కావాలంటోంది. దానికి నూరు వాడను. కూర్చుంటారు, లాగుతారు, ఉతుకుతారు, ఎడం కూడా ఎక్కువ పెట్టాలి. పైనా కిందా 50/2యే. 11వ నంబర్ సూదులు మాత్రం ఇంకో ప్యాకెట్ తెచ్చుకోవాలి.