పిన్ని చేతి మీది మచ్చలు

మా పిన్ని పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పోతుంది. పని పిక్కల కటింగ్. పిక్క రెండు ముక్కలయ్యేటప్పుడు తొక్కులోంచి నల్లటి నూనె చిమ్ముతుంది. అది ఒంటికి తగిలితే చర్మం కాలిపోతుంది. అరచేతులకి ఆముదమో బూడిదో రాసుకునే కూర్చుంటారు గానీ, ముంజేతుల మీద ఎక్కడో ఒకచోట పడనే పడుతుంది. ఎర్రగా వాచి, పొక్కు లేచి, పొర ఊడుతుంది. పుండు మానినా ఆ చోటు నల్లబడి ఉండిపోతుంది.

మొన్న ఒక పెళ్ళిలో పిన్ని రెండు చేతులూ పైట కింద దాచుకుని కూర్చుంది. పక్కనావిడ "అదేటే, అంటుకునే జబ్బేటి?" అని అడిగిందట. నాకు కడుపు రగిలిపోయింది.

అది జబ్బు కాదు. చర్మం కాలినా, వాచినా, గోకి పుండు చేసుకున్నా, అక్కడి రంగు కణాలు మెలనిన్‌ని, అంటే చర్మానికి రంగునిచ్చే పదార్థాన్ని, అవసరానికి మించి తయారుచేస్తాయి. మొటిమలు తగ్గాక మిగిలే నల్ల మచ్చలూ ఇవే. మన చామనచాయ ఒంటికి మరీ ఎక్కువ. రంగు పైపొరలోనే ఉంటే మచ్చ గోధుమరంగులో ఉండి, నెలల్లో పలచబడుతుంది. లోపలికి దిగితే బూడిద, నీలం కలిసినట్టు కనిపిస్తుంది. అది పోవడానికి ఏళ్ళు పట్టొచ్చు. పిన్ని మోచేతి దగ్గర ఈ రెండు రకాలూ పక్కపక్కనే ఉన్నాయి.

మందుల షాపులో అడిగితే తెల్లబడే ట్యూబు ఒకటి చేతిలో పెట్టారు. చిన్న అక్షరాలు చదివితే అందులో స్టెరాయిడ్! 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే చెప్పింది. సొంతంగా నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలతాయి. నిమ్మకాయ రుద్దమనేవాళ్ళూ ఉన్నారు. ఆ రసంతో ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి ఇంకా నల్లబడుతుంది.

శ్రీకాకుళంలో చర్మం డాక్టరమ్మ మచ్చల రంగు తగ్గించే అజెలాయిక్ యాసిడ్ క్రీము రాసిచ్చింది. ఎండ తగిలితే మచ్చ ముదురుతుందని సన్‌స్క్రీన్ కూడా రాయమంది. పిన్ని ఇప్పుడు బాబాయి పాత ఫుల్ హ్యాండ్స్ చొక్కా చీర మీద తొడుక్కుని వెళ్తోంది. అయితే డాక్టరమ్మ గట్టిగా చెప్పిన మాట వేరే: కొత్తగా కాలుతూనే ఉంటే ఏ క్రీమూ పనిచెయ్యదని.

గ్లవ్స్ వేసుకుంటే పిక్క జారిపోతుంది, పని నెమ్మదిస్తుంది. కూలేమో కిలోల లెక్క. అందుకే ఎవరూ వేసుకోరు. పట్టు జారని గ్లవ్స్ యజమానులే కొనివ్వాలి, అవి అలవాటయ్యేదాకా కూలి తగ్గించకూడదు.