చెప్పుల స్టాండుతో మొదలయ్యే లేఅవుట్

బుధవారం

ఇవాళ పనంతా సుద్దముక్కతో, టేపుతో. కూకట్‌పల్లి వైపు ఒక కాంప్లెక్సులో మొదటి అంతస్తు హాలు, 60 అడుగులకు 50, మూడు వేల ఎస్ఎఫ్‌టీ (చదరపు అడుగులు). పిల్లల ఇండోర్ ప్లే ఏరియా పెడతామని లీజుకు తీసుకున్నారు, లేఅవుట్ పని నాకిచ్చారు. ఆట సామాను సప్లయర్ పంపిన త్రీడీ బొమ్మ ఓనర్ల చేతిలో ఉంది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా స్లైడ్లు, మధ్యలో ట్రాంపొలిన్, మూలన పెద్ద బాల్ పూల్. చూడముచ్చటగానే ఉంది. అందులో పిల్లర్లు లేవు, పెద్దవాళ్లు లేరు, వాళ్లు విడిచే చెప్పులూ లేవు.

అందుకని చెప్పుల దగ్గరే మొదలుపెట్టాం. ఆదివారం సాయంత్రం లోపల యాభై మంది పిల్లలుంటే, వెంట వచ్చిన అమ్మానాన్నలు, అమ్మమ్మలు కలిపి అరవై మందికి తక్కువుండరు. అంటే 110 జతలు. జతకి అడుగు వెడల్పు, ఎనిమిది అంగుళాల ఎత్తు గడి ఒకటి వేస్తే ఆరడుగుల స్టాండులో తొమ్మిది వరసలొస్తాయి. చెప్పులకే పదమూడు అడుగుల గోడ కావాలి. బొమ్మలో ఇచ్చింది నాలుగు అడుగులు. మిగతా చెప్పులు గుమ్మం ముందు కుప్పపడతాయి, ఆ గుమ్మమే ఏదైనా జరిగితే బయటపడాల్సిన దారి. స్టాండు ఎదురుగా పిల్లలకి కాలు జారకుండా పట్టుండే గ్రిప్ సాక్సు తొడగడానికి పది అడుగుల బెంచీ. బెంచీకీ స్టాండుకీ మధ్య అయిదు అడుగులు వదలాలి. వంగి సాక్సు తొడిగే మనిషి వెనక నుంచి ఇంకొకరు పోగలగాలి కదా.

తరవాత కూడికలు. రిసెప్షన్, చెప్పులు 320, కూర్చునే చోటు, కాఫీ కౌంటరు 480, పార్టీ రూమ్ 290, టాయిలెట్లు, చేతులు కడిగే చోటు 180, స్టోరు 100, నడిచే దారులు 280. మొత్తం 1,650. ఆటకి మిగిలింది 1,350. పిల్లకి 25 నుంచి 30 ఎస్ఎఫ్‌టీ అనేది పనికొచ్చే లెక్క. 27 చొప్పున వేసినా యాభై మందే. ఎనభై టిక్కెట్లు అనుకుని బిజినెస్ ప్లాన్ రాసుకున్నవాళ్లకి ఈ అంకె రుచించదు. అద్దె లెక్క మాత్రం ఈ యాభై మీదే తేలాలి.

ఎత్తు సంగతి. శ్లాబు 12 అడుగులు, బీమ్ అడుగుభాగం 10, ఏసీ డక్టు పోయే వైపు 9. ట్రాంపొలిన్ బెడ్డు నేలకి మూడడుగుల పైన ఉంటుంది. నాలుగున్నర అడుగుల పిల్లాడు రెండున్నర అడుగులు ఎగిరినా తల పదడుగుల దగ్గరికి పోతుంది, చేతులెత్తితే ఇంకా పైకి.

“సార్, ట్రాంపొలిన్ లేకపోతే జనం వస్తారా?” అన్నారు ఓనరు మేడమ్.

“మేడమ్, ఒక్క తల బీమ్‌కి తగిలితే అసలే రారు.”

తీసేశాం. గాలి కొట్టే బౌన్సీ కూడా వద్దన్నాను. కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు బ్లోయర్ ఆగుతుంది, బట్ట పిల్లల మీద వాలుతుంది.

సాఫ్ట్ ప్లే, అంటే ఫోమ్, వలలతో కట్టే ఎక్కి పాకే స్ట్రక్చర్, రెండు అంతస్తులు. ఒక్కో అంతస్తు నాలుగడుగులు, మొత్తం ఎనిమిది. పైన మంట మీద నీళ్లు చల్లే స్ప్రింక్లర్ కింద ఒకటిన్నర అడుగు ఖాళీ ఉండాలి కాబట్టి డక్టు లేని వైపే పెట్టాలి. ఇది నాలుగడుగుల మాడ్యూళ్లలో పెరుగుతుంది, అందుకే 20కి 30 అన్నదాన్ని 20కి 28 చేశాం. పేచీ పిల్లర్‌తో వచ్చింది. సప్లయర్ కొలిచింది ఉత్త కాంక్రీటుని, 18 అంగుళాలు. దానికి చుట్టూ అంగుళం ప్లాస్టరింగు, ఆపైన రెండు అంగుళాల ఫోమ్ ప్యాడింగు. అటూ ఇటూ కలిపి 24 అంగుళాలు అవుతుంది. పక్కన పాకే దారి మూడు అంగుళాలు తగ్గుతుంది. లోపల ఏడుస్తున్న పిల్లాణ్ణి తీసుకురావడానికి స్టాఫ్ పాక్కుంటూ వెళ్లాల్సింది ఆ దారిలోనే. సుద్దతో పూర్తయిన కొలత గీసి చూపించేదాకా ఎవరూ ఒప్పుకోలేదు. అప్పుడు స్ట్రక్చర్‌ని మొత్తంగా తొమ్మిది అంగుళాలు గోడ వైపు జరిపాం.

ఆర్డరులో రాసి ఇవ్వాల్సినవి కొన్ని ఉన్నాయి. కూర్చునే చోటు వైపు మూసిన రెగ్జిన్ ప్యానెళ్లు వద్దు, వల గానీ పారదర్శకమైన పాలికార్బొనేట్ గానీ వేయాలి. రంగుల ప్యానెళ్లన్నీ గోడ వైపుకి. కుర్చీలో కూర్చున్న తల్లి కళ్లు నేలకి నాలుగడుగుల ఎత్తులో ఉంటాయి. సరిగ్గా ఆ ఎత్తులో ప్యానెల్ అడ్డమొస్తే ఆవిడ కుర్చీ వదిలి స్లైడు దగ్గరే నిలబడుతుంది, దారి మూసుకుపోతుంది. ఇంకోటి సందులు. మూడున్నర అంగుళాల నుంచి తొమ్మిది అంగుళాల మధ్య సందు ఎక్కడా మిగలకూడదు. ఆటస్థలాల సామానుకి ఉన్న యూరప్ ప్రమాణం ఈఎన్ 1176లో ఇది 89 నుంచి 230 మిల్లీమీటర్లు. కాళ్లు ముందు పెట్టి జారితే ఒళ్లు దూరిపోతుంది, తల ఇరుక్కుంటుంది. ఇలాంటి సందు డ్రాయింగులో కనబడదు. ఫిట్టింగు అయ్యాక డెక్కుకీ, అంటే పిల్లలు నడిచే పలకకీ, పిల్లర్‌కీ మధ్య బయటపడుతుంది. వలకి కట్టే కేబుల్ టైల (ప్లాస్టిక్ కట్ల) తోకలు నున్నగా కోసి బయటివైపు తిప్పాలి. కత్తిరించి వదిలేసిన తోక బ్లేడులా గీరుతుంది.

స్లైడు దిగే చోట ఆరడుగులు ఖాళీ, ఆ ఖాళీ మీదుగా ఏ దారీ పోకూడదు. బొమ్మలో స్లైడు నోరు సరిగ్గా పార్టీ రూమ్ తలుపుకి ఎదురుగా ఉంది! కేకు కోసే వేళ పాతిక మంది పిల్లలు ఒక్కసారిగా ఆ తలుపులోకి పరిగెడతారు. స్లైడుని వెనక్కి తిప్పాం. ప్లాస్టిక్ స్లైడు మీద, ఏసీ గాలి పొడిగా ఉన్నప్పుడు స్టాటిక్ కరెంటు బాగా పుడుతుంది. కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం ఆపరేషన్‌తో అమర్చే పరికరం) ఉన్న పిల్లలు, ఆ కరెంటుకి చెడిపోకుండా, బయటి ప్రాసెసర్ తీసి ఎక్కాలి. ఆ మాట బోర్డు మీద రాసి, రిసెప్షన్‌లో తాళం ఉన్న చిన్న డ్రాయరు ఒకటి పెట్టమన్నాను. బోర్డుకీ డ్రాయరుకీ పెద్ద ఖర్చేం కాదు.

మూడేళ్ల లోపు వాళ్లకి 300 ఎస్ఎఫ్‌టీ, తల్లుల కుర్చీల పక్కనే, చుట్టూ రెండడుగుల మెత్తటి గోడ. బాల్ పూల్ ఇందులోనే: 10కి 8, లోతు పదిహేను అంగుళాలు. వంద ఘనపుటడుగులు. ఎనిమిది సెంటీమీటర్ల బంతులైతే దాదాపు 6,300 పడతాయి. ఏడు సెంటీమీటర్లవైతే 9,400. పెద్దవే నయం, కడగాల్సినవి తగ్గుతాయి. అసలు చిక్కు కడగడంలోనే ఉంది. బంతులు తీస్తే పెట్టడానికి మళ్లీ వంద ఘనపుటడుగుల చోటు కావాలి, స్టోరులో అంత లేదు. అందుకని పూల్ మధ్యలో ఎత్తి పెట్టే ఫోమ్ అడ్డుగోడ ఒకటి. అందినన్ని బంతులు అటు పోగుచేసి, మిగిలినవి వల సంచుల్లో కడుగుతూ ఇటువైపు అడుగు తుడవచ్చు. అడుగున దొరికేవి అందరికీ తెలిసినవే: రబ్బరు బ్యాండ్లు, హెయిర్ క్లిప్పులు, సగం కొరికిన జంతిక, ఎవరిదో వెండి పట్టీ. పిన్నీసు దొరికిన రోజు మాత్రం ప్రతి బంతినీ తీయాల్సిందే.

ఏసీ మనిషి డక్టు నోళ్లన్నీ కుర్చీల వైపే గీశాడు. వేడిగాలి పైకి పోతుంది, పై అంతస్తులో పిల్లలు చెమటతో తడిసిపోతారు, కింద అమ్మమ్మలు కొంగు కప్పుకుంటారు. రెండు నోళ్లు స్ట్రక్చర్ పై డెక్కు వైపు తిప్పించాం. ఇంత పరుగు ఉన్నచోట 120 ఎస్ఎఫ్‌టీకి ఒక టన్ను. మూడు వేలకి 25.

తలుపుల దగ్గర కాస్త గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది. వెనక మెట్ల వైపు తలుపుని స్టోరులో కలిపేస్తే వంద ఎస్ఎఫ్‌టీ కలిసొస్తుందని ఓనరు గారి ఆశ. 2024 మే 25న రాజ్‌కోట్ గేమ్ జోన్‌లో వెల్డింగు రవ్వలు అంటుకుని 27 మంది పోయారు. ఆ మాట ఎత్తాక ఆయన ఇంకేమీ అనలేదు. రెండు దారులూ ఒకదానికొకటి దూరంగా, తలుపులు బయటికి తెరుచుకునేలా, ముందు ఏ సామానూ లేకుండా ఉండాలి. పిల్లలు బయటికి పరిగెత్తకుండా పెట్టే మ్యాగ్నెటిక్ లాక్, కరెంటు పోయినా ఫైర్ అలారం మోగినా తనంతట తానే ఊడిపోయే రకమే కొనాలి. వెల్డింగు, గ్రైండింగు పనులన్నీ ఫోమ్ లారీ దిగకముందే అయిపోవాలి. ఫోమ్‌కి మంట పరీక్ష సర్టిఫికెట్ ఉన్నా సరే.

పొద్దుపోయేసరికి గచ్చంతా తెల్లగీతలు. వడ్రంగి ఆ గీతల మధ్య నడిచి చూస్తూ, “అన్నా, పార్టీ రూమ్ తలుపు ఇట్ల తెరిస్తే వెనకున్న పిల్లకి కొడ్తది” అన్నాడు. నిజమే. జరిపే తలుపు వేస్తే వేళ్లు నలుగుతాయి, మామూలు తలుపే ఉంచి మధ్యలో అద్దం, కీలు వైపు రబ్బరు గార్డు అని రాసుకున్నాం.

రేపు ప్లంబరు వస్తాడు. పిల్లల సింకు అంచు నేలకి 22 అంగుళాలు, సబ్బు డబ్బా పక్కన కాకుండా ఎదురుగా. ఎత్తు గోడ మీద గీసిపెట్టి వచ్చాను.